లాటిను భాషయు దాని కుమార్తెలును

మన ప్రభువు సిలువపై పిలాతు వ్రాయించిన పైవిలాసము మూడు భాషలలో ఉండెనని యోహాను సువార్త 19వ అధ్యాయములో చదువుచున్నాము. ఆ మూడింటిలో హెబ్రీ నేడు ఇశ్రాయేలు దేశములో ఇంటింట మాటలాడబడుచున్నది. గ్రీకు కూడ, ఎంతో మారినను, గ్రీసు దేశములో నిలిచియున్నది. మూడవదైన రోమా భాష, అనగా లాటిను, ఏమైనది? అది చనిపోయిన భాష అని అందరును చెప్పుదురు. వేదాంత కళాశాలలో చదువుకొనుచున్న దినములలో మేమును అట్లే అనుకొంటిమి. అటుపిమ్మట సంఘ చరిత్ర చదివినకొలది అది సరియైన మాట కాదని తెలిసికొంటిమి. లాటిను చావలేదు, కుమార్తెల యింట జీవించుచున్నది. ఇటలీ, ఫ్రెంచి, స్పానిష్, పోర్చుగీసు, రుమేనియా భాషలు దాని కుమార్తెలు. వీటిలో ఒక్క స్పానిష్‌నే మాతృభాషగా గలవారు నేడు 45 కోట్లకు పైగా ఉన్నారు.

శతవార్షికోత్సవ సంచికలో భాషల చరిత్ర దేనికని కొందరు సోదరులు అడుగవచ్చును. దానికి కారణమైన చిన్న సంగతిని ముందుగా మనవి చేసికొందుము. కొంతకాలము క్రిందట ఆదివారపు బడిలో పిల్లలచేత పాత నిబంధన చదివించుచు, "అంగలార్పు" అను మాట వచ్చినప్పుడు దాని అర్థమేమని అడిగితిమి. పదేండ్ల బాలుడొకడు చెయ్యెత్తి, "అంగలు వేసికొనుచు గబగబ నడచుట, అయ్యగారూ" అనెను. పిల్లలందరు నవ్విరి. మేమును నవ్వితిమి. ఇంటికి వచ్చిన తరువాత మాత్రము నవ్వు రాలేదు. దుఃఖముతో పెట్టిన గావుకేక ఆ బిడ్డ చెవికి నడకగా వినబడినది. తప్పు వానిది కాదు. గ్రంథము పలికిన మాటకును బిడ్డ యింట విన్న మాటకును నడుమ ఎడము పెరిగినది. ఇట్టి ఎడము ఏర్పడినప్పుడు సంఘము ఏమి చేయవలెను? ఈ ప్రశ్న లాటిను సంఘమునకు మనకంటె పండ్రెండు వందల సంవత్సరములు ముందుగా ఎదురైనది. అందుచేతనే ఈ కథ.

పుస్తకపు భాష, వీధి భాష

లాటిను మొదట ఇటలీలో తైబరు నదికి దిగువనున్న లాతియము అను చిన్న ప్రాంతపు మాట. రోమీయుల సైన్యములతోపాటు ఆ భాషయు బయలుదేరినది. క్రీ.పూ. 218లో వారు స్పెయిను గడ్డపై అడుగిడిరి. క్రీ.పూ. 58 మొదలుకొని యూలియసు కైసరు గాలియను, అనగా నేటి ఫ్రాన్సును, జయించెను. క్రీ.శ. 106లో త్రాయాను చక్రవర్తి దాకియాను, అనగా నేటి రుమేనియా ప్రాంతమును, పట్టుకొనెను. ఆ దేశములకు లాటినును తీసికొనిపోయినవారు కవులును పండితులును కారు. సిపాయిలు, వర్తకులు, బండ్లవారు, దాసులు, సైన్యములో సేవ ముగించి భూములు పొందిన ముదుసలి సైనికులు. వారి నోట ఉన్నది వీధి లాటిను.

ఆ వీధి లాటిను ఎట్లుండెనో మనకెట్లు తెలియును? క్రీ.శ. 79లో వెసూవియసు పర్వతము బ్రద్దలై పొంపేయి పట్టణమును బూడిదలో కప్పివేసెను. ఆ పట్టణపు గోడలపై సామాన్యులు గీచిన వ్రాతలు నేటికిని ఉన్నవి. వాటిలో మాటల చివరనుండవలసిన "మ్" అను హల్లు తరచుగా లేదు. మొదటనుండవలసిన "హ" కూడ జారిపోయినది. అనగా అపొస్తలులు జీవించిన కాలముననే జనులు వాటిని పలుకుట మానివేయుచుండిరన్నమాట. ఆ తరువాతి కాలపు బడిపంతులెవరో "ఇట్లనుము, అట్లనకుము" అని 227 మాటల పట్టిక వ్రాసి పెట్టెను. చెవికి "ఔరిస్" అనవలెను, "ఓరిక్లా" అనరాదు అని అందులో ఒకటి. పాపము, ఆ పంతులుగారి మాట ఎవరును వినలేదు. ఆయన తప్పని కొట్టివేసిన ఓరిక్లాయే ఇటలీవారి ఒరేక్కియో, స్పెయినువారి ఒరేహా, ఫ్రెంచివారి ఒరేయి అయి నేటికిని బ్రదికియున్నది. ఒప్పని వ్రాసిన ఔరిస్ నిఘంటువులో మిగిలినది.

మార్పు ఎట్లు జరిగెను

మన బడులలో ప్రకృతి వికృతులు నేర్పుదురు. భక్తికి బత్తి, శక్తికి సత్తి, రాత్రికి రాతిరి. నోటికి ప్రయాసయైన జంట హల్లును నాలుక సులువు చేసికొనును. లాటినులో జరిగినది కూడ ఇదియే. అయితే ఒక్కొక్క దేశమందు ఒక్కొక్క రీతిగా జరిగినది. రాత్రికి లాటిను మాట నోక్తెమ్. ఇటలీలో అది నొత్తె ఆయెను. అచ్చముగ మన బత్తి వలెనే. స్పెయినులో నోచె, పోర్చుగలులో నోయితె, రుమేనియాలో నోఆప్తె, ఫ్రాన్సులో న్యుయి. పాలకు లాటిను మాట లాక్తెమ్. అదియు ఇదే వరుసలో లాత్తె, లేచె, లేయితె, లాప్తె, లే. మార్పు ఇష్టము వచ్చినట్లు జరుగలేదనియు, ఒక్కొక్క దేశములో దానికొక క్రమము ఉన్నదనియు దీనివలన తెలియుచున్నది.

ధ్వనులతో పాటు వ్యాకరణమును మారెను. తెలుగులో "పేతురు పౌలును చూచెను" అన్నను, "పౌలును పేతురు చూచెను" అన్నను అర్థమొక్కటే. "ను" అను విభక్తి ప్రత్యయము ఉన్నది గనుక ఎవరు చూచిరో, ఎవరు చూడబడిరో తేలిపోవును. లాటినును అట్టిదే. పేత్రుస్ అనిన చూచినవాడు, పేత్రుమ్ అనిన చూడబడినవాడు. అయితే చివరి "మ్" జారిపోయి, హ్రస్వ దీర్ఘముల భేదమును మాసిపోగా, విభక్తులు ఒకదానితో నొకటి కలిసిపోయెను. మరి అర్థము తెలియుట ఎట్లు? మాటల వరుసయే దిక్కాయెను. నేడు ఫ్రెంచిలో పేతురు పేరు ముందు చెప్పిన చూచినవాడు పేతురే. పౌలు పేరు ముందు చెప్పిన చూచినవాడు పౌలే. పోయిన విభక్తుల పనిని చిన్న చిన్న విడి మాటలు అందుకొనెను. ఒక గోడ కూలినచోట జనులు మరియొక గోడ కట్టుకొనిరి. ఇల్లు మాత్రము నిలిచినది.

భవిష్యత్ కాలపు క్రియల కథయు ఇట్టిదే. లాటినులో "ప్రేమించెను" అనుటకును "ప్రేమించును" అనుటకును నడుమ తేడా ఒక్క హల్లులోనే ఉండెడిది. ఆ రెండు హల్లులు ఒకే రీతిగా పలుకబడుట మొదలుకాగానే, జరిగినదియు జరుగబోవునదియు చెవికి ఒక్కటే ఆయెను. అందుచేత జనులు "పాడుటకు కలిగియున్నాను" అను పద్ధతిలో పాత రెండు మాటలను జతపరచి చెప్పసాగిరి. ఆ రెండును కలిసి గట్టిపడి ఇటలీలో కాంతెరో, స్పెయినులో కాంతరే, ఫ్రాన్సులో షాంతరే ఆయెను. మూడింటికిని "పాడుదును" అని అర్థము.

మాటల అర్థములును మారెను. గుఱ్ఱమునకు కవులు వాడిన ఏక్వుస్ అను మాట మూలబడి, బరువులు మోయు నాటు గుఱ్ఱమునకు చెప్పు కబల్లుస్ అను మాట గెలిచెను. పొయ్యి అను అర్థముగల ఫోకుస్ నిప్పు అను అర్థము పొందెను. తలకు కాపుత్ అనుట తగ్గి, మట్టి కుండకు చెప్పు తెస్తా అను మాట ఇటలీలోను ఫ్రాన్సులోను వాడుకకు వచ్చెను. మనము తలను బుర్ర అన్నట్లే వారును ఎగతాళిగా అనియుందురు. ఎగతాళి పోయి మాట మిగిలెను.

క్రీ.శ. 476లో పశ్చిమ రోమా సామ్రాజ్యపు కడపటి చక్రవర్తి పదవి కోల్పోయెను. రహదారులు పాడుబడెను, బడులు మూతబడెను. ఒక సీమవారికి మరియొక సీమవారితో రాకపోకలు తగ్గిపోగా, ఎవరి మాట వారిదాయెను. గాలియలో ఫ్రాంకులు రాజులైరి. స్పెయినులో 711 తరువాత అరబ్బుల ఏలుబడి వచ్చి, చక్కెరకును నూనెకును కూడ అరబ్బీ పేర్లు నిలిచెను. రుమేనియావారు స్లావు జనుల నడుమ నివసించి, "అవును" అనుటకు కూడ స్లావుల "దా" అను మాటనే తీసికొనిరి. అయినను ఫలాని దినమున లాటిను ఆగిపోయి ఫ్రెంచి మొదలాయెనని చెప్పుటకు వీలులేదు. ఏ తల్లియు తన బిడ్డతో క్రొత్త భాషలో మాటలాడలేదు. ఏ బిడ్డయు తల్లి మాట తెలియదనలేదు. ప్రతి తరము తన తలిదండ్రుల మాటనే పలుకుచున్నాననుకొనెను. ముప్పది తరములు గడచిన తరువాత వెనుకకు తిరిగి చూచిన పండితునికి మాత్రమే అవతలి ఒడ్డు కనబడినది.

సంఘము చేసిన పని

పౌలు రోమా సంఘమునకు వ్రాసిన పత్రిక లాటినులో కాక గ్రీకులో ఉన్నది. ఆ సంఘపు తొలి విశ్వాసులలో పరదేశులును, గ్రీకు మాటలాడువారును ఎక్కువ. లాటినులో క్రైస్తవ రచనలు మొదట వర్ధిల్లినది ఉత్తర ఆఫ్రికాలో. తెర్తుల్లియను, సిప్రియను, అగస్టీను ఆ దేశమువారే. 382లో దమాసు అను రోమా అధ్యక్షుడు కోరగా జెరోము అను పండితుడు పాత లాటిను సువార్తలను సరిదిద్దుటకు పూనుకొనెను. అటుపిమ్మట బేత్లెహేములో నివసించి హెబ్రీ మూలమునుండి పాత నిబంధనను తర్జుమా చేసి, సుమారు 405 నాటికి ముగించెను. దానికే తరువాత వుల్గాతా అను పేరు వచ్చినది. సామాన్యులలో వాడుకగా నున్నది అని దాని అర్థము.

ఆ తర్జుమాను జనులు సంతోషముతో అంగీకరించిరనుకొందుమేమో, లేదు. ఉత్తర ఆఫ్రికాలోని ఓయా పట్టణములో జరిగిన సంగతిని అగస్టీను జెరోమునకు వ్రాసిన లేఖలో తెలిపెను. అక్కడి అధ్యక్షుడు ఆరాధనలో యోనా గ్రంథమును క్రొత్త తర్జుమాలో చదివించెను. యోనాకు నీడనిచ్చిన సొరచెట్టు స్థానమున జెరోము మరియొక తీగ పేరు వ్రాసియుండెను. తరతరములుగా విన్న మాట మారినదని సంఘములో గొప్ప అల్లరి పుట్టెను. ఆ అధ్యక్షుడు తన మందను పోగొట్టుకొనునంత పని ఆయెను; కడకు పాత మాటకే తిరిగి రావలసి వచ్చెను. ఒక్క సొరచెట్టు కొరకు ఇంత కలహమా అని మనము నవ్వుకొనవచ్చును. మన సంఘములలో కీర్తనలోని ఒక్క మాట మార్చి చూచినయెడల ఆ నవ్వు నిలుచునో లేదో పెద్దలే చెప్పవలెను. వింతయేమనగా, ఆనాడు క్రొత్తదని త్రోసివేయబడిన ఆ తర్జుమానే 1546లో త్రెంతు సభ ప్రామాణికమైనదని ప్రకటించెను.

అగస్టీను గొప్ప పండితుడైనను, జనులకు అర్థమగుటకై వ్యాకరణ దోషమైనను ఫరవాలేదని బోధించెను. ఎముకకును నోటికిని లాటినులో "ఓస్" అను మాటయే ఉండెడిది. హ్రస్వ దీర్ఘములే భేదము. ఆఫ్రికావారి చెవికి ఆ భేదము తెలియదు గనుక, ఎముకకు పామరులనెడి "ఓస్సుమ్" అను మాటనే బోధకుడు వాడుట మేలని ఆయన వ్రాసెను.

సంఘము ఈ భాషలకు మాటలను కూడ ఇచ్చినది. వాటిలో ఒకటి మాకు మిక్కిలి ప్రియమైనది. ప్రభువు చెప్పిన ఉపమానమును గ్రీకులోను లాటినులోను పరాబొలా అందురు. ప్రసంగములలో దానిని విని విని జనులు మాటకే ఆ పేరు పెట్టిరి. స్పెయినులో పలాబ్రా, ఫ్రాన్సులో పరోల్ అనగా మాట. ఇటలీలో పర్లారె, ఫ్రాన్సులో పర్లే అనగా మాటలాడుట. నేడు పారిసు వీధిలో ఎవరైనను నోరు తెరచి "మాటలాడుచున్నాను" అనినయెడల, తెలిసియో తెలియకయో ప్రభువు ఉపమానములను తలంచుచున్నారన్నమాట. అట్లే సూర్యుని దినమును ప్రభువు దినమనుటవలన ఇటలీలో దొమేనిక, స్పెయినులో దొమింగొ, ఫ్రాన్సులో దిమాంష్, రుమేనియాలో దుమీనికె అను పేర్లు వచ్చెను.

తూరు పట్టణపు సభ

ఇక అసలు ఘట్టమునకు వత్తము. ఎనిమిదవ శతాబ్దాంతమున షార్లమేను చక్రవర్తి గురువులకు చదువు తగ్గిపోయినదని చింతించి, ఇంగ్లండులోని యార్కు నుండి ఆల్కుయిను అను పండితుని పిలిపించెను. ఇంగ్లండువారికి లాటిను ఇంటి భాష కాదు. పుస్తకము చూచి నేర్చుకొన్న భాష. కాబట్టి వ్రాసిన ప్రతి అక్షరమును పలికెడివారు. అంతకుముందు ఫ్రాన్సులోని గురువులు లాటినును తమ ఊరి ఉచ్చారణతో చదువుచుండగా జనులకు కొంతవరకైనను అర్థమగుచుండెననియు, క్రొత్త పద్ధతిలో అక్షరశుద్ధముగా చదువుట మొదలిడగానే ఎడము బయటపడెననియు భాషా చరిత్రకారులు కొందరు చెప్పుచున్నారు. భాషను శుద్ధి చేయబోగా సంఘమునకు చెవి మూసికొనిపోయెను.

813లో ఫ్రాన్సులోని తూరు పట్టణములో అధ్యక్షుల సభ కూడెను. ఆ సభ చేసిన తీర్మానములలో ఒకటి చరిత్రకెక్కినది. ప్రతి అధ్యక్షుడును ప్రసంగములను పల్లెటూరి రోమను భాషలోనికిగాని జర్మను ప్రజల భాషలోనికిగాని స్పష్టముగా మార్చి చెప్పవలెను, అందరును సులువుగా గ్రహింపవలెను అని దాని సారాంశము. లాటిను వేరు, జనుల భాష వేరు అని అధికారపూర్వకముగా ఒప్పుకొన్న తొలి పత్రములలో ఇది ముఖ్యమైనది. కుమార్తె పుట్టినదని లోకమునకు తెలిపినవారు కవులు కారు, రాజులు కారు. తమ మందకు వాక్యము చేరుటలేదని కలత చెందిన కాపరులు.

అటుపిమ్మట కుమార్తెలు ఒక్కొక్కటిగా వ్రాతలోనికి వచ్చెను. 842 ఫిబ్రవరి 14న షార్లమేను మనుమలిద్దరు స్ట్రాస్‌బూర్గులో తమ సైన్యముల యెదుట ఒడంబడిక చేసికొనిరి. జర్మను ప్రజల రాజైన లూయీ రోమను భాషలోను, పడమటి రాజైన చార్లెసు జర్మను భాషలోను ప్రమాణము చేసిరి. ఎదుటివాని సిపాయిలకు అర్థము కావలెనని ఈ ఏర్పాటు. ఆ ప్రమాణమే ఫ్రెంచి భాష మొదటి వ్రాత అందురు. ఇటలీలో 960లో కాపువా పట్టణమందు ఒక మఠపు భూములను గూర్చిన వ్యాజ్యములో సాక్షుల మాటను వారన్నది అన్నట్లే వ్రాసికొనిరి. స్పెయినులో సన్ మిల్యాను మఠపు సన్న్యాసి యొకడు లాటిను గ్రంథపు అంచులలో కష్టమైన మాటలకు తన యింటి మాటలలో అర్థములు వ్రాసికొనెను. రుమేనియా భాషలో మనకు దొరికిన మొదటి లేఖ 1521 నాటిది. ఇటలీ కవి దాంతే 14వ శతాబ్దారంభమున లాటినులోనే ఒక గ్రంథము వ్రాసి, తల్లి ఒడిలో నేర్చిన భాషయే ఘనమైనదని వాదించెను. ఆ పిమ్మట తన మహాకావ్యమును తల్లి భాషలోనే వ్రాసెను.

అయితే తూరు సభ ప్రసంగము మట్టుకే జనుల భాషకిచ్చినది. ఆరాధన క్రమమును గ్రంథ పఠనమును లాటినులోనే ఉండిపోయెను. సంస్కరణ కాలములో లెఫెవ్రు 1523లో ఫ్రెంచి క్రొత్త నిబంధనను ప్రచురించెను. సెవిల్ మఠమునుండి పారిపోయిన కాసియొదోరొ దె రేనా స్పానిష్ బైబిలును 1569లో స్విట్జర్లాండులోని బాసెలు పట్టణములో అచ్చు వేయించెను. సొంత దేశములో దానికి చోటు లేకపోయెను. రోమను కథోలిక సంఘములో ఆరాధన యావత్తు జనుల భాషలో జరుగుటకు 1963లో రెండవ వాటికను సభ త్రోవ తెరచినది. 813 నుండి 1963 వరకు లెక్కించి చూడుడి: 1150 సంవత్సరములు.

మన యింటికి వచ్చిన మాటలు

ఈ కుమార్తెలలో ఒకటి మన యింటికి కూడ వచ్చినది. 1498లో వాస్కో డ గామా కళ్లికోటకు వచ్చిన తరువాత పోర్చుగీసు మాటలు మన తీరములలో దిగినవి. మనము బట్టలు పెట్టుకొను అలమర లాటిను అర్మారియుమ్ అను మాటనుండి పోర్చుగీసు ద్వారా వచ్చినది. ఇల్లు కట్టు మేస్త్రి లాటిను మగిస్తెర్, అనగా బోధకుడు. పల్లెలలో నేటికిని పిలిచెడి పాదిరి అను మాట తండ్రికి చెప్పు లాటిను మాటనుండి వచ్చినది. పోర్చుగీసు బైబిలును తర్జుమా చేసిన అల్మేదా సింహళములోను పరిచర్య చేసినవాడు. అతని పాత నిబంధన భాగములు కొన్ని 18వ శతాబ్దములో తమిళ దేశమందలి తరంగంబాడిలో అచ్చుపడెను.

ప్రియ సంఘస్థులారా, ఈ కథనుండి మేము రెండు సంగతులు నేర్చుకొంటిమి. పాత భాషను తూలనాడరాదనునది మొదటిది. వెయ్యి సంవత్సరములు ఐరోపా దేశముల చదువును ఆరాధనను ఒక్క త్రాటిపై నిలిపినది లాటినే. 1818లో శ్రీరామపురమున తెలుగు క్రొత్త నిబంధన అచ్చుపడిన నాటినుండి మన పెద్దలు కన్నీటితో చదివి కంఠస్థము చేసిన మాటలును అట్టివే. కన్నులు కనబడని ముసలమ్మ మంచముపై పడుకొని కీర్తనను పాత మాటలలో చెప్పుచుండగా మేము ఎన్ని సారులు వినలేదు! ఆ మాటలను ఆమెనుండి తీసివేయు హక్కు ఎవరికిని లేదు. అయితే ఆ మాటలు ముసలమ్మకు ప్రియమగుటకు కారణము అవి పాతవి అగుట కాదు. ఆమె చిన్ననాట అవి ఆమెకు అర్థమగుటయే. ఇది రెండవ సంగతి.

ఎడము ఏర్పడుట ఎవరి తప్పును కాదు. దానిని చూచియు చూడనట్లుండుట తప్పు. తూరు సభలోని అధ్యక్షులు కనీసము చూచిరి. రెండవ నూరు సంవత్సరములలో అడుగిడుచున్న మన అధ్యక్ష ఖండములో ప్రతి గురువును, ప్రతి ఆదివారపు బడి ఉపాధ్యాయురాలును పాఠము చదివిన పిమ్మట ఒక్క నిమిషమాగి, "ఏమి అర్థమైనది?" అని పిల్లలను అడుగవలెనని మా మనవి.

ఆ బాలుని మరుసటి ఆదివారము దగ్గరకు పిలిచి, "అంగలార్పు అనగా చావు ఇంటిలో మీ అవ్వ పెట్టెడి ఏడుపు వంటిది" అని చెప్పితిమి. వాడు కొంతసేపు ఊరకుండి, "అట్లయితే నాకు తెలుసు, అయ్యగారూ" అనెను.